ఆ బటన్ ఎక్కడుంది? – ఫోన్-ఇన్ కార్యక్రమం, విజయవాడ

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఫోన్లు, యాప్‌లు, ఇంట్లో వాడే మిషన్లు... వాటి తెరలు, బటన్లు మనకెందుకు ఇబ్బంది పెడుతున్నాయి, ఎలా ఉంటే బాగుంటుంది అన్నదే ఇవాళ్టి విషయం. ఇంటర్‌ఫేస్ డిజైనర్ మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ అప్పుడే వచ్చేసింది. హలో, చెప్పండి.

కాలర్ (సత్యనారాయణపురం): హలో... వినపడుతోందా అమ్మా?

యాంకర్: వినపడుతోందండీ. టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: తగ్గించానమ్మా. నేను రిటైర్డ్ టీచర్ని, లెక్కలు చెప్పేవాణ్ణి. దసరాకి మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు కొత్త ఫోన్ కొనిచ్చాడు. పాత ఫోన్ బాగానే ఉంది, నేను వద్దనే అన్నాను. వాడు వినలేదు. ఇందులో కింద బటన్లే లేవమ్మా. వెనక్కి ఎలా వెళ్ళాలో తెలియదు. మనవరాలి ఫొటోలు చూస్తుంటాను, పక్క ఫొటోకి జరుపుదామని వేలు పెడితే మొత్తం బయటికి వచ్చేస్తుంది. మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. మా ఆవిడేమో మీకు చేతకాదంటుంది.

నిపుణురాలు: మాస్టారూ, నమస్కారం. ముందు ఒక మాట. తప్పు మీది కాదు. మీ ఫోన్‌లో తెర అంచు నుంచి లోపలికి వేలు జరిపితే 'వెనక్కి' అని అర్థం. ఫొటో జరపడానికీ అదే కదలిక. రెండు పనులకి ఒకే కదలిక పెట్టి, ఎక్కడ మొదలుపెట్టారన్న దాన్ని బట్టి ఫోన్ తేల్చుకుంటుంది. మీరు కాస్త అంచుకి దగ్గరగా మొదలుపెట్టారంటే బయటికి వచ్చేస్తుంది.

కాలర్: అదేదో ఎక్కడైనా రాసి ఉండాలి కదమ్మా!

నిపుణురాలు: ఉండాలి. అక్కడే నా బాధంతా. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు కింద ఒక్కటే గుండ్రటి బటన్ ఉండేది. ఏం చేసినా, ఎక్కడ తప్పిపోయినా అది నొక్కితే మొదటికి వచ్చేస్తాం. 2017లో ఐఫోన్ టెన్‌లో దాన్ని తీసేశారు. 2019లో ఆండ్రాయిడ్ 10లో కూడా అంచుల మీద వేలు జరిపే పద్ధతి పెట్టారు. తెర పెద్దదైంది, నిజమే. కానీ కంటికి కనిపించే గుర్తు పోయింది. కనిపించని దాన్ని ఎవరో ఒకరు చెప్పాలి, లేదా అనుకోకుండా తెలియాలి.

కాలర్: అయితే వెనక్కి ఎలా వెళ్ళాలమ్మా?

నిపుణురాలు: చెప్తాను. సెట్టింగ్స్ తెరవండి. పైన వెతికే చోట 'నావిగేషన్' అని కొట్టండి. కొన్ని ఫోన్లలో అది 'సిస్టమ్' లోపల ఉంటుంది, కొన్నిట్లో 'డిస్‌ప్లే' లోపల ఉంటుంది, అందుకే వెతకమంటున్నాను. అక్కడ మూడు బటన్ల పద్ధతి అని ఉంటుంది. అది ఎంచుకుంటే మీ పాత బటన్లు కిందికి వచ్చేస్తాయి.

కాలర్: వచ్చేస్తాయా? పాతవే?

నిపుణురాలు: పాతవే. ఇంకోటి. అక్షరాలు చిన్నగా ఉన్నాయా?

కాలర్: చిన్నగానే ఉన్నాయి. అబ్బాయి ఏదో పెద్దవి చేశాడు. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ నొక్కే గుర్తులు అలాగే ఉన్నాయి.

నిపుణురాలు: అక్కడ రెండు వేరువేరు ఉంటాయండీ. 'ఫాంట్ సైజ్' అక్షరాలను మాత్రమే పెంచుతుంది. 'డిస్‌ప్లే సైజ్' బటన్లు, గుర్తులు అన్నిటినీ పెంచుతుంది. రెండోది కూడా ఒక మెట్టు పెంచండి. పెద్దగా, దగ్గరగా ఉన్నదాన్ని వేలు త్వరగా, తప్పు లేకుండా అందుకుంటుందని 1954లోనే పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు సూత్రం కట్టి చూపించాడు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి చెప్తున్నాను, అందులో లాగరిథమ్ కూడా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో బటన్ కనీసం 48 యూనిట్లు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని చెప్తారు. చాలా యాప్‌లు అదీ పాటించవు.

కాలర్: లాగరిథమా! బాగుంది. మా అబ్బాయి ఇవేవీ చెప్పలేదు. వాడు ఫోన్ తీసుకుని టకటకా ఏదో చేసి ఇచ్చేస్తాడు. అడిగితే, నాన్నా ఇది ఈజీ అంటాడు. మొన్న కరెంటు బిల్లు కట్టబోతే...

యాంకర్: మాస్టారూ, మిగతా కాలర్లు...

నిపుణురాలు: ఒక్క నిమిషం ఉండనివ్వండి. చెప్పండి మాస్టారూ.

కాలర్: కరెంటు బిల్లు కట్టబోతే మధ్యలో ఏదో ఫోన్ వచ్చింది. రిఫండ్ వచ్చింది, పిన్ కొట్టండి అన్నాడు. టెన్షన్ వచ్చి పెట్టేశాను.

నిపుణురాలు: ఫోన్ పెట్టేశారా, పిన్ పెట్టేశారా?

కాలర్: ఫోన్ పెట్టేశానమ్మా.

నిపుణురాలు: చాలా మంచి పని చేశారు. వింటున్న అందరికీ చెప్తున్నాను. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరు ఏ పేరు చెప్పినా అక్కర్లేదు. మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కాలర్: సరేనమ్మా. ఇంతకీ... వెనక్కి వెళ్ళాలంటే ఎక్కడ నొక్కాలన్నారు?

నిపుణురాలు: సెట్టింగ్స్. వెతికే చోట 'నావిగేషన్'. మూడు బటన్లు. కాగితం ఉందా? రాసుకోండి. నేను ఆగుతాను.

కాలర్: రాసుకున్నా... నా... వి... గేషన్. సంతోషం తల్లీ. మా ఆవిడకి కూడా చెప్తాను.

యాంకర్: ధన్యవాదాలు మాస్టారూ. తర్వాతి కాల్. హలో?

కాలర్ (కాళేశ్వరరావు మార్కెట్): మేడమ్ నమస్తే. మాది కూరగాయల కొట్టు. సౌండ్ బాక్స్ పెట్టుకున్నాం. రద్దీలో ఆ మాట వినపడదు. పంపాం అని ఫోన్ చూపించి వెళ్ళిపోతారు. రాత్రి చూస్తే డబ్బు రాలేదు.

నిపుణురాలు: వాళ్ళ ఫోన్‌లో కనిపించేదాన్ని నమ్మకండి. ఆ తెర వాళ్ళ చేతిలో ఉంది, అందులో దేన్నైనా చూపించొచ్చు. మీ పెట్టె పలకాలి, లేదా మీ ఫోన్‌లో కనపడాలి. నిజానికి ఈ మధ్య మన దగ్గర వచ్చిన ఇంటర్‌ఫేస్‌ల్లో నాకు బాగా నచ్చింది ఆ పెట్టే. చేతులు తక్కెడ మీద ఉంటాయి, కళ్ళు గిరాకీ మీద ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. తెలుగులో ఎంత వచ్చిందో చెప్పేస్తుంది. మీలాంటి చోట అంకెలు కూడా చూపించే పెట్టెలు ఉన్నాయి, అడిగి అది తీసుకోండి. చెవి ఎత్తులో పెట్టండి, కాళ్ళ దగ్గర కాదు.

కాలర్: కింద బస్తాల మధ్య పెట్టాం మేడమ్.

నిపుణురాలు: పైన పెట్టండి మరి.

యాంకర్: థాంక్యూ అండీ. బెంజ్ సర్కిల్ నుంచి ఇంకొకరు. చెప్పండి.

కాలర్ (బెంజ్ సర్కిల్): మేడమ్, కొత్త కారు తీసుకున్నాం. ఏసీ తగ్గించాలన్నా తెర మీదే. అలవాటైపోతుందంటారా?

నిపుణురాలు: అలవాటు చేసుకోవద్దు. కారు నడిచేటప్పుడు ఆ తెర వైపు చూడొద్దు. తిప్పే మర అయితే రోడ్డు మీద నుంచి చూపు తీయకుండా చేత్తో తడిమి తిప్పొచ్చు. నున్నటి అద్దం మీద అది కుదరదు. యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివాటికి విడి బటన్లు లేకపోతే మార్కులు తగ్గిస్తామన్నారు. అమెరికా నౌకాదళం 2017లో ఒక యుద్ధనౌక ప్రమాదం తర్వాత, నౌక వేగాన్ని నడిపే టచ్ తెరలు తీసి మామూలు లీవర్లు పెట్టాలని నిర్ణయించింది. బయల్దేరే ముందే ఏసీ పెట్టుకోండి, మధ్యలో కావాలంటే మాటతో చెప్పండి...

కాలర్: మాటతో అంటే తెలుగులో...

(లైన్ కట్ అయింది)

యాంకర్: లైన్ పోయింది. గుంటూరు నుంచి కాల్.

కాలర్ (బ్రాడీపేట, గుంటూరు): మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. నాకు చూపు లేదు. ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది, దాంతో ఏ ఇబ్బందీ లేదు. రూమ్‌లో ఇండక్షన్ స్టవ్ కొన్నాం. పైనంతా నున్నగా ఉంది. ఎక్కడ నొక్కానో నాకే తెలియదు. పాత స్టవ్ నేనే వాడుకునేదాన్ని. ఇప్పుడు టీ పెట్టుకోవాలన్నా ఫ్రెండ్‌ని పిలవాలి.

నిపుణురాలు: అమ్మా, దీనికి నాకు కోపం వస్తుంది. నీ మీద కాదు. ఒక మనిషి సొంతంగా చేసుకునే పనిని ఆ అద్దపు పలక లాగేసుకుంది. సరే, ఇప్పటికి చేయగలిగింది చెప్తాను. చూపున్న ఫ్రెండ్‌ని ఒక్కసారి సాయం అడిగి, ఆన్-ఆఫ్ గుర్తు పక్కన ఒకటి, ప్లస్ గుర్తు పక్కన రెండు చిన్న బొట్టు బిళ్ళలు అంటించుకో. పక్కన అంటున్నాను, గుర్తు మీద కాదు. మీద అంటిస్తే స్పర్శ అందకపోవచ్చు. గిన్నె పెట్టే చోటికి దూరంగా ఉండాలి.

కాలర్: బొట్టు బిళ్ళలు నిలుస్తాయా మేడమ్?

నిపుణురాలు: ఊడితే మళ్ళీ అంటించుకోవాలి. గట్టిగా నిలిచే ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రెండోది, స్టవ్ ఆన్ చేసిన ప్రతిసారీ ఒకే వేడి దగ్గర మొదలవుతుందేమో ఫ్రెండ్‌తో చూపించుకో. అలా అయితే బీప్‌లు లెక్కపెట్టుకుంటూ పెంచొచ్చు, తగ్గించొచ్చు. చెయ్యి తడిగా ఉండకూడదు. ఆ పలక వేలిలోని విద్యుత్ ప్రభావాన్ని పసిగట్టి పనిచేస్తుంది, నీళ్ళు పడితే తికమకపడుతుంది. ఈసారి కొనేటప్పుడు మాత్రం తిప్పే మర ఉన్నదే కొను.

కాలర్: అలాంటివి ఉన్నాయా?

నిపుణురాలు: ఉన్నాయి, తక్కువ. అడిగేవాళ్ళు పెరగాలి. నువ్వు ఓటేశావా?

కాలర్: మొన్న ఎన్నికల్లో మొదటిసారి వేశాను.

నిపుణురాలు: ఆ మిషన్ మీద బ్రెయిలీ అంకెలు తడిమావు కదా? మన ఈవీఎం చూడండి. అభ్యర్థి పేరు, పక్కన గుర్తు, దాని పక్కనే నీలం బటన్. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, ఏడు సెకన్లు చీటీ కనిపిస్తుంది, బీప్ వినిపిస్తుంది. చదువు రానివాళ్ళకి గుర్తు, చూపు లేనివాళ్ళకి బ్రెయిలీ, చెవులు వినపడనివాళ్ళకి దీపం. ఎవరికీ ట్రైనింగ్ అక్కర్లేదు. దాన్ని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆ పని మనవాళ్ళకి చేతనవుతుందని తెలిసిపోయింది కాబట్టి, స్టవ్ దగ్గర ఎందుకు కుదరదో కంపెనీలు చెప్పాలి. కస్టమర్ కేర్‌కి రాయి అమ్మా. మర్యాదగా రాయి, కానీ రాయి.

కాలర్: రాస్తాను మేడమ్. థాంక్స్.

యాంకర్: ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు లైన్లో ఉన్నారు. క్లుప్తంగా అడగండి.

కాలర్ (వడ్డేశ్వరం): మేడమ్, గుంటూరు మిర్చి యార్డు ధరలు రైతులకి చూపించే యాప్ చేస్తున్నాం. కొత్తగా ఉండాలని గ్రాఫ్‌లు, వేలి కదలికల జెస్చర్లు, నల్ల తెర వచ్చే డార్క్ మోడ్ అన్నీ పెట్టాం...

నిపుణురాలు: ఆగు బాబూ. యార్డుకి వెళ్ళావా?

కాలర్: ఇంకా లేదు మేడమ్.

నిపుణురాలు: ముందు వెళ్ళు. ఎండలో నిలబడి నీ ఫోన్ తెర చూడు, నల్ల తెర మీద బూడిద రంగు అక్షరం కనిపిస్తుందేమో. అక్షరానికి, వెనక రంగుకి మధ్య వెలుగులో కనీసం 4.5 కి 1 నిష్పత్తిలో తేడా ఉండాలన్నది లోకమంతా ఒప్పుకున్న ప్రమాణం. ఎండలో అదీ చాలదు. ఎరుపు అంటే తగ్గింది, ఆకుపచ్చ అంటే పెరిగింది అని రంగుతో వదిలేయకు, ఆ తేడా కనిపించనివాళ్ళు ఉంటారు. 'నిన్నటి కంటే క్వింటాకి ఇంత తగ్గింది' అని మాటల్లో రాయి. తేజ రకం పండించినాయనకి తేజ ధరే ముందు కనిపించాలి, మిగతావి తర్వాత.

కాలర్: మరి యాప్ బదులు వాట్సాప్‌లో చేస్తే?

నిపుణురాలు: మంచి ఆలోచన. మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో సేవల్ని వాట్సాప్‌లో పెట్టింది. ఎందుకు? ఆ తెర జనానికి ముందే తెలుసు. కొత్తగా నేర్పే పని ఉండదు. కొత్తదనం కోసం కొత్తదనం వద్దు. కాగితం మీద తెరలు గీసి ఐదారుగురు రైతులకి చూపించు. బాగుందా అని అడగకు, మర్యాదకి బాగుందనే అంటారు. 'ఇవాళ్టి ధర చూడండి' అని చెప్పి నోరు మూసుకుని చూడు. వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ తప్పు నీది.

కాలర్: ఓకే మేడమ్. గ్రాఫ్‌లు తీసేయమంటారా?

నిపుణురాలు: లోపల పెట్టుకో, మొదటి తెర మీద వద్దు.

యాంకర్: సమయం దగ్గరపడింది. చివరి కాల్, భవానీపురం నుంచి.

కాలర్ (భవానీపురం): ఒక యాప్‌లో సరుకులు కొంటే, నేను అడగకుండానే ఏదో విరాళం కలిపి బిల్లు వేశారండీ. టిక్ ముందే పెట్టి ఉంది.

నిపుణురాలు: దాన్ని డార్క్ ప్యాటర్న్ అంటారు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటివి 13 రకాలు గుర్తించి నిషేధించింది. మీకు చెప్పకుండా బుట్టలో కలపడం అందులో ఒకటి. స్క్రీన్‌షాట్ తీసి 1915కి ఫిర్యాదు చేయండి. డబ్బు కట్టే ముందు మొత్తం ఎంతో ఒకసారి చదవండి. రిఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే...

కాలర్: కొట్టకూడదు. ఇందాక విన్నానండీ.

యాంకర్: ధన్యవాదాలు మేడమ్. లైన్ దొరకనివాళ్ళు వచ్చే వారం ఇదే సమయానికి ఫోన్ చేయండి. నమస్కారం.