ఒకే నెట్‌వర్క్ కార్డు, నాలుగు పబ్లిక్ ఐపీలు: జవాబు ఏ దారిన పోతోంది?

నమస్కారం అండి. మీ లైనక్స్ మెషీన్‌కు ఉన్నది ఒక్కటే నెట్‌వర్క్ కార్డు, ఒక్కటే కేబుల్. కనెక్షన్ ఇచ్చినవాళ్లు మాత్రం నాలుగు పబ్లిక్ ఐపీలు, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్‌లు, వాడుకోవచ్చన్నారు. మిగతా మూడూ ఎలా తెచ్చుకోవాలి? ఇంకో మూడు కార్డులు కొనాల్సిన పని లేదు.

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఆ ఐపీలు ఎలా ఇస్తున్నారు? నంబర్లు రాసిచ్చి ఇవి మీవి అన్నారంటే పని సులువు. ‘ఐపీ అడ్రస్ యాడ్’ కమాండ్‌తో అన్నిటినీ ఆ ఒక్క ఇంటర్‌ఫేస్‌కే, అంటే లైనక్స్‌లో ఆ కార్డుకు ఉన్న పేరుకే, చేర్చేయండి. పాత పాఠాల్లో కనిపించే ‘ఈటీహెచ్ జీరో కోలన్ వన్’ లాంటి ఏలియాస్ పేర్లు ఇప్పుడు అక్కర్లేదు. అయితే అలాంటి పేరు (లేబుల్) లేకుండా చేర్చిన ఐపీలను పాత కమాండ్ ఐఎఫ్‌కాన్ఫిగ్ చూపించదు. అది చూసి ఐపీ ఎక్కలేదనుకుని కంగారు పడకండి, ‘ఐపీ అడ్రస్ షో’ కొట్టి చూడండి.

అసలు చిక్కు డీహెచ్‌సీపీతో, అంటే మెషీన్ అడిగితే సర్వర్ ఐపీ ఇచ్చే పద్ధతితో. సాధారణంగా అవతలి సర్వర్ మ్యాక్ అడ్రస్, అంటే కార్డుకు ఉండే గుర్తింపు నంబరు, చూసి ఐపీ ఇస్తుంది. ఒక మ్యాక్‌కు ఒక ఐపీ. కార్డుకు ఉన్నది ఒకే మ్యాక్ కాబట్టి ఎన్నిసార్లు అడిగినా అదే ఐపీ వస్తుంది. ఇక్కడే మ్యాక్‌వీల్యాన్ కావాలి. 2007లో లైనక్స్ 2.6.23 కెర్నల్‌తో వచ్చింది ఇది. ఒకే కార్డు మీద, ఒక్కోదానికి సొంత మ్యాక్ ఉండేలా వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు తయారు చేస్తుంది. ‘ఐపీ లింక్ యాడ్’ అని, టైప్ మ్యాక్‌వీల్యాన్, మోడ్ బ్రిడ్జ్ అని ఇస్తే చాలు. ఇంటర్‌ఫేస్‌ను పైకి లేపి, దాని మీద డీహెచ్‌సీపీ క్లయింట్ నడపండి. రెండో ఐపీ వస్తుంది.

మ్యాక్ మాత్రం మీరే పెట్టండి. వదిలేస్తే రీబూట్‌కు అది మారిపోవచ్చు, దాంతో ఐపీ కూడా మారుతుంది. మొదటి బైట్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది సొంతంగా పెట్టుకోవడానికి వదిలిన మ్యాక్ అన్నమాట. వైఫై మీద ఈ పద్ధతి మామూలుగా పనిచేయదు, ఎందుకంటే యాక్సెస్ పాయింట్ తనకు కనెక్ట్ అయిన మ్యాక్‌నే ఒప్పుకుంటుంది.

ఇంతవరకు వచ్చి చాలామంది పని అయిపోయిందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు ఐపీలూ కళ్ల ముందు ఉన్నాయి, బయటి నుంచి పింగ్ చేస్తే ఒక్కదానికే జవాబు. రెండు రోజులు అదే టెన్షన్.

కారణం చెప్తాను, కాస్త నిదానంగా వినండి. ప్యాకెట్‌కు దారి చెప్పే రూటింగ్ టేబుల్ మామూలుగా చూసేది ప్యాకెట్ ఎక్కడికి వెళ్లాలన్నదే, ఏ ఐపీ నుంచి బయలుదేరిందన్నది కాదు. మూడో ఐపీకి వచ్చిన ప్రశ్నకు జవాబు, డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాసి లేనప్పుడు వాడే దారి) ఎటుంటే అటు, అంటే మొదటి ఇంటర్‌ఫేస్ గుండా వెళ్లిపోతుంది. పైన ఐపీ మూడోది, మ్యాక్ మొదటిది. రెండింటికీ పొంతన లేదని అవతలి పరికరం ఆ ప్యాకెట్‌ను పారేయొచ్చు. ఒక్కోసారి ప్రశ్నే లోపలికి రాదు: వచ్చిన దారిని సరిచూసే ‘ఆర్‌పీ ఫిల్టర్’ సెట్టింగ్ 1లో ఉంటే, తప్పు ద్వారం గుండా వచ్చిందనుకుని కెర్నలే ఆపేస్తుంది.

అందుకే ఒక్కో ఐపీకి ఒక్కో రూటింగ్ టేబుల్ పెట్టండి. అందులో ఆ ఇంటర్‌ఫేస్ గుండా వెళ్లే డిఫాల్ట్ రూట్ రాయండి. తర్వాత ‘ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్’ అని, ఈ ఐపీ నుంచి బయలుదేరేవి ఈ టేబుల్ చూడాలని చెప్పండి.

ఏఆర్‌పీ, అంటే ఈ ఐపీ ఏ మ్యాక్‌దని నెట్‌వర్క్‌లో అడిగి తెలుసుకునే పద్ధతి, దాని సంగతీ చూడాలి. ఏ ఐపీ కోసం అడిగినా, అది ఈ మెషీన్‌దైతే చాలు, లైనక్స్ ఏ ఇంటర్‌ఫేస్ నుంచైనా నాదేనని జవాబిస్తుంది. కెర్నల్ సెట్టింగ్‌లలో ఏఆర్‌పీ ఇగ్నోర్ 1, ఏఆర్‌పీ అనౌన్స్ 2 పెడితే ఏ ఇంటర్‌ఫేస్ జవాబు ఆ ఇంటర్‌ఫేసే ఇస్తుంది.

ఇన్ని రూల్స్ రాయడం కన్నా నాకు నచ్చే దారి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, అంటే ఒకే మెషీన్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్ గది లాంటిది. ఒక్కో మ్యాక్‌వీల్యాన్‌ను ఒక్కో నేమ్‌స్పేస్‌లోకి పంపితే, దాని రూట్లు, దాని ఏఆర్‌పీ అన్నీ విడిగా ఉంటాయి. కలిసిపోయే అవకాశమే ఉండదు. ఒక్కో ఐపీ మీద ఒక్కో సర్వీస్ నడిపేవాళ్లు ఇదే చేయండి. ఒకే ప్రోగ్రామ్ నాలుగు ఐపీలూ వాడాలంటే మాత్రం ఇందాకటి రూల్స్ తప్పవు.

పెట్టిన తర్వాత అసలు కార్డు మీద, వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీ డంప్‌ను మైనస్ ఈతో నడిపి, బయటి నుంచి ఒక్కో ఐపీని పింగ్ చేయండి. వెళ్లే ప్రతి జవాబు పక్కన, అది బయలుదేరిన మ్యాక్ కనిపిస్తుంది. అది ఆ ఐపీకి మీరు పెట్టిన మ్యాకేనా, సరిచూసుకోండి.