చెడిపోయిన పలకను దాచకండి

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, తమ బండ్లను ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్న పిల్లలకు, వాళ్లను ఇక్కడిదాకా తీసుకొచ్చిన తల్లిదండ్రులకు నా కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి.

రేడియో కంట్రోల్ కారుకు సొంతంగా ఛాసిస్, అంటే అన్నిటినీ మోసే అడుగు పలక, చేసుకునేటప్పుడు ఏ పదార్థం వాడాలి అన్నది నాకిచ్చిన అంశం. దాని గురించి తప్పకుండా చెబుతాను. అంతకంటే ముందు ఈ బల్ల మీదున్న పలకను ఒకసారి చూడండి. వెనక వరసలవాళ్లకూ కనిపించాలని పైకెత్తి పట్టుకుంటున్నాను. 3 మిల్లీమీటర్ల మందమున్న అల్యూమినియం పలక. దీని మీద నాలుగు రంధ్రాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. నా చేత్తో నేను కోసిన మొదటి ఛాసిస్ ఇది. చెడిపోయింది. చెడిపోయింది కాబట్టే ఇన్నేళ్లుగా దాచుకున్నాను. దీని కథ తరవాత చెబుతాను.

పదార్థాల విషయానికి వస్తాను. మోటారు, బ్యాటరీ, ముందు చక్రాలను పక్కకు తిప్పే సర్వో, రేడియో సంకేతాన్ని అందుకునే రిసీవర్ అన్నీ ఛాసిస్ మీదే కూర్చుంటాయి. నాలుగు చక్రాలను పట్టుకునే చేతులు దానికే బిగుసుకుంటాయి. పైనుండే బాడీ ఒక చొక్కా వంటిది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నాలుగు చక్రాలు ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉండాలో తేల్చేది మాత్రం ఈ పలకే.

చాలామంది ఇప్పుడు త్రీడీ ప్రింటర్‌తో మొదలుపెడుతున్నారు. మంచిదే. అయితే ఆ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుందని గుర్తుంచుకోండి. వేడెక్కిన మోటారును పట్టుకునే భాగం దానితో చేస్తే పళ్ల చక్రాల మధ్య సందు మారిపోతుంది. ప్రింటు పొరలు పొరలుగా పేరుకుంటుంది కనుక దెబ్బ తగిలితే పొరల మధ్యే చీలుతుంది. ఆ భాగాన్ని ఏ వైపు పడుకోబెట్టి ప్రింట్ చేయాలన్నది ముందే ఆలోచించాలి.

అల్యూమినియం విషయంలో ఒక అపోహ ఉంది. బలమైన మిశ్రమమని 7075 రకం కొంటే పలక వంగదని అనుకుంటారు. 6061 రకం దాదాపు 275 మెగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గర శాశ్వతంగా వంగిపోతే, 7075 రకం దాదాపు 500 వరకు తట్టుకుంటుంది. నిజమే. కానీ ఆ లోపు, అదే బరువుకు అవి రెండూ ఇంచుమించు ఒకే అంత వంగుతాయి. గుద్దుకున్నాక తిరిగి తిన్నగా రావడంలో 7075 మేలు, పరుగులో కొయ్యబారి నిలవడంలో రెండూ ఒకటే. పలక వంగకుండా ఉండాలంటే మందం పెంచాలి. 2 మిల్లీమీటర్ల నుంచి రెండున్నరకు వెళితే చాలు, వంగకుండా నిలిచే గుణం దాదాపు రెట్టింపవుతుంది. లేదా అంచులు పైకి మడవాలి. 1984లో అసోసియేటెడ్ ఎలక్ట్రిక్స్ తెచ్చిన ఆర్‌సీ10 కారు ఛాసిస్ చూడండి. బంగారు రంగు అల్యూమినియం తొట్టి అది. పక్కలు పైకి లేచి ఉండడమే దాని బలం. మడవాలనుకుంటే మాత్రం 7075 జోలికి పోకండి, మడత దగ్గర పగులుతుంది. 5052 రకం మడతకు లొంగుతుంది.

కార్బన్ ఫైబర్ గురించి రెండే మాటలు. తేలిక, గట్టి. కానీ దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, తడిపి కోయండి. పిల్లలు ఒంటరిగా కోయకూడదు. కోసిన అంచును గరుకు కాగితంతో నునుపు చేసి, పలచని సూపర్ గ్లూ పట్టించండి, పొరలు విడిపోకుండా ఉంటాయి. ఇంకొక సంగతి, కార్బన్ ఫైబర్‌లో విద్యుత్తు పారుతుంది. తొడుగు ఊడిన తీగ దానికి తగిలితే షార్ట్ అయి, కారులోని లిపో బ్యాటరీ మంటలు లేపగలదు.

ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని కూడా అనుకోకండి. పట్టు తక్కువున్న నేల మీద పలక కాస్త వంగితేనే నాలుగు చక్రాలూ నేలను అంటుకుంటాయి.

ఈ పదార్థాల పట్టిక ఇంకా ఉంది. కానీ నన్ను ఇక్కడ ఆగనివ్వండి. ఎందుకంటే ఈ ఎర్ర సున్నాల పలక మంచి అల్యూమినియమే. పదార్థంలో ఏ లోపమూ లేదు. అయినా దీని మీద కట్టిన కారు రెండు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు.

నేను అప్పుడు చదువుకునే కుర్రాణ్ణి. హ్యాక్సాతో పలక కోశాను. అంచును ఆకురాయితో సాపు చేశాను. ఎడమ అంచు నుంచి కొలిచి మొదటి రంధ్రం గుర్తుపెట్టాను. మొదటి దాని నుంచి రెండోది, రెండో దాని నుంచి మూడోది. అలా ముందు నుంచి వెనక్కి నడిచాను. బిగించి చూస్తే అన్నీ చక్కగా కూర్చున్నాయి. నేల మీద వదిలితే కారు కుడికి లాగింది. చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్, అంటే చక్రాల తిన్నదనాన్ని సరిదిద్దే మీట, ఎడమకు తిప్పాను. తిన్నగా పోయింది. గెలిచాననుకున్నాను.

కానీ కుడికి తిప్పితే ఉన్నచోటే తిరిగినట్టు తిరిగేది, ఎడమకు తిప్పితే వెడల్పుగా పోయేది. స్ప్రింగులు మార్చాను. టైర్లు మార్చాను. సర్వో చెడిపోయిందనుకుని ఇంకొకటి పెట్టాను. ముందు చక్రాల కోణాలు విప్పి బిగించి, విప్పి బిగించి స్క్రూల గాళ్లు అరిగిపోయాయి. వెనక భాగం మీద నాకు అనుమానమే రాలేదు.

మా అన్నయ్య లేతు మీద టర్నర్‌గా పనిచేసేవాడు. సెలవు మీద ఇంటికి వచ్చాడు. కారు నడిపి చూపిస్తానంటే వద్దన్నాడు. స్కేలు తెమ్మన్నాడు. ఎడమ వైపు ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి కొలిచాడు, 257 మిల్లీమీటర్లు. కుడి వైపు కొలిచాడు, 254. మళ్లీ కొలిచాడు. ఏమీ అనలేదు. దుమ్ము పట్టిన గచ్చు మీద కారును మెల్లగా తిన్నగా నడపమన్నాడు. వంగి చూశాను. వెనక చక్రాల జాడ ముందు చక్రాల జాడ మీద పడడం లేదు. నాలుగు మిల్లీమీటర్లు ఎడమకు పడుతోంది. నా కారు రెండు నెలలుగా ఎండ్రకాయలా పక్కకు నడుస్తోందన్న మాట.

అప్పుడు అడిగాడు. “మొదటి గీత ఎక్కడ గీశావురా?”

“ఎడమ అంచు నుంచి కొలిచాను అన్నయ్యా.”

పలక విప్పించి, మూలమట్టం తెచ్చి ఆ అంచుకు ఆనించి, దీపం వైపు పట్టుకున్నాడు. మధ్యలో అంచు ఆనింది, రెండు చివర్లలో వెలుతురు సన్నగా కనిపించింది. నేను సాపు చేశాననుకున్న అంచు మధ్యలో ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు నా ప్రతి కొలతలోకీ చేరింది. పైగా రంధ్రం నుంచి రంధ్రానికి కొలవడం వల్ల ప్రతి కొలతలో చేసిన తప్పు తరవాతి కొలతకు అప్పుగా వెళ్లింది. ఒక్కో కొలతలో 0.2 మిల్లీమీటరు తప్పితే ఐదు కొలతలకు ఒక మిల్లీమీటరు దాకా పోవచ్చు.

వెనక చక్రాలను తిప్పే గేర్‌బాక్సును బిగించే రంధ్రాల్లో, 50 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండింటిలో, కుడిది ఎడమదాని కంటే 0.8 మిల్లీమీటరు ముందుకు పడింది. మిగతా రెండు రంధ్రాలను వీటిని బట్టే గుర్తించాను కాబట్టి గేర్‌బాక్సు ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంది. అందుకే నాకు అనుమానం రాలేదు. 0.8 అంటే ఎంత? కంటికి ఆనదు. కానీ 50కి 0.8 అంటే దాదాపు ఒక డిగ్రీ. 190 మిల్లీమీటర్ల వెడల్పున్న కారులో అదే చక్రాల దగ్గరకు వచ్చేసరికి 3 మిల్లీమీటర్లు.

ఆ రాత్రి మా అన్నయ్య కొత్త పలక ముందుపెట్టుకుని కూర్చోబెట్టి నేర్పాడు. మొత్తం పలకకు నీలం మార్కరు పూయించాడు. ఉక్కు స్కేలు పెట్టి, గీత సూదితో పొడుగునా నడిమి గీత ఒక్కటి గీయించాడు. నీలంలోంచి వెండి దారంలా ఆ గీత మెరిసింది. దానికి అడ్డంగా, ముందు ఇరుసు దగ్గర, మూలమట్టంతో ఇంకొక గీత. ఇక ఏ రంధ్రమైనా ఆ రెండు గీతల నుంచే కొలవాలి. ఒక రంధ్రంలో తప్పు చేస్తే ఆ రంధ్రమే చెడుతుంది, పక్కదానికి అంటదు. ఆ తరవాత సెంటర్ పంచ్‌తో ఒక్క దెబ్బ, ముందు 1.5 మిల్లీమీటర్ల బిట్, ఆ తరవాతే 3. పలక బయటి అంచులు అన్నిటికన్నా చివర కోయించాడు. అంచును నమ్ముకోవద్దు, అంచు అందానికే అన్నాడు.

రెండో పలకలో కొలతలు రెండు వైపులా 257 వచ్చాయి. ట్రిమ్ సున్నా దగ్గరే ఉంది.

మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు, ఇప్పుడు ఇదంతా ఎవరు చేస్తారు, కంప్యూటర్‌లో గీసి పంపితే సీఎన్‌సీ మర కోసి ఇస్తుంది కదా అని. నేనూ అలాగే కోయించుకుంటున్నాను, దాన్ని తప్పుపట్టను. కానీ మర మన గీతను తు.చ. తప్పకుండా కోస్తుంది, మన తప్పుతో సహా. కంప్యూటర్‌లో కూడా రంధ్రం నుంచి రంధ్రానికి కొలతలు వేసుకుంటూ పోయేవాళ్లను చూస్తున్నాను. ఒక్క కొలత మారిస్తే వెనకున్నవన్నీ కదిలిపోతాయి. అక్కడా నడిమి గీతతోనే మొదలుపెట్టండి. కోయించే ముందు బొమ్మను అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయండి. అందులో 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి, స్కేలుతో కొలిచి చూడండి. ప్రింటర్లు తమంతట తామే సైజు తగ్గించడం మామూలే. ఆ కాగితాన్ని అట్టకు అంటించి, మోటారు, బ్యాటరీ, సర్వో దాని మీద పెట్టండి. సర్వో చెయ్యి రెండు వైపులా పూర్తిగా తిరుగుతోందా, బ్యాటరీ బయటకు వస్తోందా, తీగ పినియన్‌కు, అంటే మోటారు కొసనున్న చిన్న పళ్ల చక్రానికి, తగులుతోందా చూడండి. ఈ పని పావుగంటలో అయిపోతుంది.

సమయం అయిపోవచ్చిందని చీటీ వచ్చింది. అయినా ఇది చెప్పకుండా దిగలేను.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రదర్శనలో నా కారును పెట్టాను. దాని పక్కనే ఈ పలకను పెట్టి, తప్పు ఎక్కడ జరిగిందో చీటీ రాసి అంటించాను. ప్రారంభానికి ముందు నిర్వాహకులు వచ్చి తీసేయమన్నారు. చూడటానికి బాగుండదన్నారు. అతిథులు వస్తున్నారన్నారు. తీసి ఇంటికి పంపించాను. ఆ సాయంత్రమే ఒక అబ్బాయి తన కారు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. కుడికి లాగుతోందట. అప్పటికి రెండు సర్వోలు మార్చాడట. స్కేలు కోసం చుట్టూ అడిగాను, ఎవరి దగ్గరా లేదు. నోటితో చెప్పాను. తలూపాడు. వెళ్లిపోయాడు. అతనికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఈ పలక చేతికిచ్చి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అయ్యా, నిర్వాహకులారా, మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మెరిసే కార్లకు పది బల్లలు వేస్తున్నారు. వచ్చే ఏడాది చెడిపోయిన పలకలకు ఒక్క బల్ల వేయండి. పగిలిన ప్రింట్లు, మడత దగ్గర చీలిన అల్యూమినియం, పొరలు విడిచిన కార్బన్ ఫైబర్, అన్నీ తేనివ్వండి. ఒక్కో దాని కింద ఏం తప్పు జరిగింది, ఎలా తెలిసింది అని రెండు వాక్యాలు రాయించండి. బహుమతి ఏమీ అక్కర్లేదు. తల్లిదండ్రులారా, గది సర్దేటప్పుడు వంకర రంధ్రాల రేకు ముక్క కనిపిస్తే పారేయకండి, పిల్లలను అడగండి. పిల్లలూ, మీరూ దాచకండి.

బరువు రెండు వైపులా సమంగా పంచడం గురించి, పళ్ల చక్రాల మధ్య కాగితం పెట్టి సందు సరిచూడడం గురించి చెప్పాలనుకున్నాను. అవి బల్ల దగ్గర మాట్లాడుకుందాం. పలకను ఇక్కడే ఉంచుతున్నాను. పక్కన స్కేలు, మూలమట్టం పెట్టాను. అంచుకు మూలమట్టం ఆనించి దీపం వైపు చూడండి, ఆ వెలుతురు ఇప్పటికీ కనిపిస్తుంది. తరవాత మీ కారును ఒళ్లోంచి దించి రెండు వైపులా కొలుచుకోండి. ఆ గీత సూది మా అన్నయ్యది. వాడుకుని మళ్లీ అక్కడే పెట్టండి.