బారెల్ జిన్‌ని విస్కీ లెక్కన చూడకండి

(టేబుల్ మీద రెండు గ్లాసులు. ఒకటి నీళ్లలా తెల్లగా, ఇంకోటి తేనె రంగులో)

ఈ రెండో గ్లాసులో ఉన్నది విస్కీ కాదు, జిన్నే. ఓక్ పీపాలో ఉంచారు కాబట్టి ఆ రంగు వచ్చింది. రంగు చూడగానే చాలామంది విస్కీ లెక్కలే వేస్తారు, ముదురుగా ఉంటే మంచిదని, ఎన్నేళ్లు ఉంచితే అంత గొప్పదని. జిన్ దగ్గర ఆ లెక్క పనిచేయదు.

విస్కీ రుచిలో చాలా భాగం పీపా నుంచే వస్తుంది. జిన్‌కి మాత్రం పీపాలోకి వెళ్లేముందే తన రుచి ఉంటుంది: ముఖ్యంగా జూనిపర్ అనే పొద కాయలు, ధనియాలు, ఏంజెలికా వేరు, నిమ్మజాతి తొక్కలు. ఓక్ చెక్క దీనికి వెనిల్లా వాసన, కొద్దిగా కొబ్బరి వాసన, కాస్త వగరు కలుపుతుంది. ఎక్కువకాలం ఉంచితే చెక్క గెలిచి జూనిపర్ ఓడిపోతుంది, అందుకే చాలామంది తయారీదారులు కొన్ని వారాలో నెలలో ఉంచి బయటికి తీసేస్తారు.

నిజానికి ఇది కొత్త ఫ్యాషనేం కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు జిన్ పీపాల్లోనే పబ్బులకి చేరేది, షాపుల్లో విడి సీసాలుగా అమ్ముకోనిచ్చిన చట్టం 1861లో వచ్చింది. ఇప్పటి కాలంలో మళ్లీ దారి చూపినవాళ్లలో ఫ్రాన్స్‌లోని సిటాడెల్ ఒకరు, రిజర్వ్ అనే వాళ్ల పీపా జిన్ 2008లో వచ్చింది. 2013లో బీఫీటర్ వాళ్లు లిలే అనే ఫ్రెంచ్ వైన్ పానీయం ఉంచిన పీపాల్లో బరోస్ రిజర్వ్ అనే జిన్ చేశారు. మన దేశంలో గ్రేటర్ దాన్ అనే జిన్ బ్రాండ్ అయితే క్రికెట్ బ్యాట్లు చేసే విల్లో చెక్క రుచి పట్టించి ఒక జిన్ చేసింది, ఆ ఆలోచన నాకు భలే నచ్చింది.

(గ్లాసు క్లోజప్)

సరే, రుచి చూద్దాం. ఐస్ వద్దు, జిన్‌లో కలిపే చేదు సోడా టానిక్ వాటర్ వద్దు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అసలే వద్దు, చల్లదనం వాసనల్ని అణిచేస్తుంది. పైన మూతి సన్నగా ఉన్న గ్లాసులో కొంచెమే పోయండి. ముక్కు లోపలికి దూర్చేయకుండా, నోరు కాస్త తెరిచి, అంచు దగ్గర నెమ్మదిగా పీల్చండి. ముందు వెనిల్లా తగులుతుంది, అక్కడే ఆగిపోకండి, దాని వెనక పైన్ చెట్టు బంక లాంటి ఆ ఘాటు జూనిపర్ వాసన వస్తోందా అని వెతకండి. నా మటుకు నాకు అసలు పరీక్ష అదే. అది దొరకకపోతే లేబుల్ మీద ఏం రాసున్నా అది మంచి జిన్ కాదు.

ఇప్పుడు చిన్న గుటక, నాలుకంతా తిప్పి మింగండి. చివర్లో నోరు ఎంత ఎండిపోతోందో గమనించండి: కొద్దిపాటి వగరు బాగుంటుంది, పచ్చి వక్క నమిలినట్టు నోరు పట్టేస్తే చెక్క ఎక్కువైందన్నమాట. తర్వాత నాలుగు చుక్కలు నీళ్లు వేసి మళ్లీ వాసన చూడండి, ఇందాక దాక్కున్న నిమ్మ, ధనియాలు బయటికొస్తాయి. ఒక్కోసారి జిన్ కాస్త మబ్బుగా మారుతుంది, కంగారు పడకండి, ఆల్కహాల్ శాతం తగ్గేసరికి అందులోని నూనెలు కరిగి ఉండలేక అలా కనిపిస్తాయంతే.

కాక్‌టెయిల్ కావాలంటే టానిక్‌కన్నా నెగ్రోనీ, మార్టినెజ్ దీనికి బాగా కుదురుతాయి, టానిక్ చేదుకి చెక్క వగరు తోడైతే జూనిపర్ నలిగిపోతుంది. కొనేటప్పుడు మాత్రం ఎన్ని నెలలు ఉంచారన్నదానికన్నా, ఆ పీపాలో అంతకుముందు ఏముందో చూడండి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపా అయితే ఎండుద్రాక్ష తీపి తెస్తుంది, బోర్బన్ అనే అమెరికన్ విస్కీ పీపా అయితే వెనిల్లా ఎక్కువ తెస్తుంది.