కవరు మీది నాలుగంకెలు

శ్రోతలకు నమస్కారం. ఈరోజు ఒక కాగితం గురించి మాట్లాడదామని వచ్చాను. అమెరికాలో ఎప్పుడో మన అమ్మమ్మల కాలంలో కొద్ది సెంట్లకు అమ్మిన కుట్టు ప్యాటర్న్ అది, అంటే గుడ్డను ఏ ఆకారంలో కత్తిరించాలో చూపే కాగితపు ముక్కలు. ఆ ప్యాటర్న్ కోసం ఇవాళ కుట్టుపని మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో ఒకరినొకరు అడుగుతూ, దేశాలు దాటి వెతుకుతున్నారు.

మనకు ప్యాటర్న్ కొనే అలవాటు తక్కువ. ఆది జాకెట్టు తీసుకెళ్ళి టైలర్‌కిస్తే ఆయనే చూసుకుంటాడు. అక్కడ ఆ ఆది జాకెట్టు చేసే పని కాగితం చేసింది. 1863లో మాసాచుసెట్స్ రాష్ట్రం, స్టెర్లింగ్ అనే ఊళ్ళో ఎబెనీజర్ బటరిక్ అనే టైలర్ వేరువేరు సైజుల్లో ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. పల్చటి టిష్యూ కాగితం వాడకంలోకి వచ్చాక వాటిని మడిచి కవర్లో పెట్టి పోస్టులో ఎంత దూరమైనా పంపగలిగారు. మెకాల్, వోగ్, సింప్లిసిటీ అనే ప్యాటర్న్ కంపెనీలు తర్వాత వచ్చాయి.

మరి అంత విరివిగా అమ్మినవి ఇప్పుడెందుకు దొరకవు? వాటిని దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు, అదే కారణం. కత్తిరించారు, గుండుసూదులు గుచ్చారు, ఒక చెయ్యి ముక్క చిరిగింది, ఫ్యాషన్ మారింది, మొత్తం చెత్తబుట్టలో పడింది. పైగా అప్పట్లో చాలావరకు ఒక కవర్లో ఒకే సైజు ఉండేది కాబట్టి, ప్యాటర్న్ దొరికినా మీ సైజు దొరుకుతుందని నమ్మకం లేదు.

1952లో బటరిక్ కంపెనీ వేసిన 6015 నంబరు ప్యాటర్న్ సంగతే తీసుకోండి. వాక్ అవే డ్రెస్ అంటారు దాన్ని. పొద్దున టిఫిన్ చేసి కుట్టడం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి అదే వేసుకుని వెళ్ళొచ్చని పేరు. తల మీంచి వేసుకుంటే ముందు భాగం నడుము చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి కలుస్తుంది, వెనకనున్న పెద్ద ఘేర ముందుకు చుట్టుకొచ్చి బొత్తాలతో ఆగుతుంది. ఎంత తెలివైన కత్తిరింపో చూడండి! ఆ కంపెనీయే తర్వాత దాన్ని 4790 నంబరుతో మళ్ళీ వేసింది, కానీ పాతదాని కొలతలకూ దీనికీ తేడా ఉందని కుట్టి చూసినవాళ్ళు చాలామంది అంటారు. అందుకే అసలుదాని కోసం వెతుకులాట ఆగలేదు.

ఇలాంటిది మీరు వెతకాలంటే ముందు నంబరు తెలియాలి. నంబరొక్కటే తెలిస్తే సరిపోదు, ఎందుకంటే కంపెనీలు నాలుగంకెల నంబర్లు అయిపోగానే మళ్ళీ అవే వాడాయి, ఒకే నంబరు మీద ఒకసారి గౌను ఉంటే ఇంకోసారి పిల్లల నిక్కరు ఉండొచ్చు. కాబట్టి కంపెనీ పేరు, కవరు మీద బొమ్మ ఎలా ఉండేది, ధర ఎంత అచ్చయింది, ఇవన్నీ కలిపి అడగాలి. "అమ్మ కుట్టిన పాత గౌను ప్యాటర్న్ ఎవరి దగ్గరైనా ఉందా" అని అడిగితే పాపం ఎవరు మాత్రం చెప్పగలరు? అదే కాలరు గుండ్రమా, చెయ్యి ఎంత పొడుగు, నడుము దగ్గర కుచ్చులా ప్లీట్లా అని రాసి ఫొటో పెట్టండి, ఎక్కడో ఒకావిడ తన అత్తగారి బీరువా తెరిచి చూస్తుంది. ఆవిడ దగ్గర లేకపోయినా ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్ళు ఉంటారు. ఈ వేటలో నాకు ఎంతో ఇష్టమైనది ఇదే, ముఖం చూడని మనిషి కోసం అటక మీంచి పెట్టె దింపడం.

అమెరికాలోని రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి ప్యాటర్న్‌లు పదివేల లెక్కన భద్రపరిచిన కమర్షియల్ ప్యాటర్న్ ఆర్కైవ్ ఉంది. నాటకాలకు దుస్తులు చేసేవాళ్ళూ చరిత్ర చదివేవాళ్ళూ అక్కడి కవరు బొమ్మలూ ముక్కల ఆకారాలూ చూసి సంవత్సరం పోల్చుకుంటారు.

దొరికిందనుకోండి, డబ్బు పంపేముందు ముక్కలన్నీ ఉన్నాయా అని లెక్కపెట్టి చెప్పమనండి. ఎలా కుట్టాలో రాసిన కాగితం కూడా ఉందా అడగండి. ఎందుకంటే బాగా పాత ప్యాటర్న్‌ల మీద అచ్చు గీతలుండవు, చిన్నా పెద్దా చిల్లులు మాత్రమే ఉంటాయి, ఏ చిల్లు దేనికో ఆ కాగితమే చెబుతుంది.

సైజు నంబరు చూసి మాత్రం మోసపోకండి. 1950ల మొదట్లో 14 అంటే ఛాతీ 32 అంగుళాలు, 1968లో కొలతలు మార్చాక అదే 14 అంటే 36. నంబరు పక్కన పెట్టి అంగుళాలే చూడండి. కాగితం ముడతలు పడి ఉంటే ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, మెల్లగా పోనివ్వండి. అసలు కాగితాన్ని ఎప్పుడూ కత్తిరించొద్దు, వేరే కాగితం మీద గీసుకుని, మీ కొలతకు పెంచో తగ్గించో, ముందు ఒక పాత దుప్పటి గుడ్డ మీద కుట్టి వేసుకుని చూసుకోండి. భుజం, నడుము సరిగ్గా కూర్చున్నాకే మంచి గుడ్డకు కత్తెర పెట్టండి. నమస్కారం.