తలుపు నంబరు మారితే ఓటూ కదలాలి
(ఫ్లాట్ల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

సెక్రటరీ గారు నన్ను "ఓటు హక్కు గొప్పతనం" మీద మాట్లాడమన్నారు. ఆ గొప్పతనం మీకు నేను చెప్పేదేం లేదు. బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ ఎన్నికల డ్యూటీలు చేశాను. ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చున్న బల్ల అవతలి నుంచి చూసిన సంగతులు చెబుతాను.

ప్రతి ఎన్నికలోనూ మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒక పెద్దాయన వస్తారు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఓటరు కార్డు. జాబితాలో పేరుండదు. "కార్డుంది కదయ్యా, ఇంకేం కావాలి?" అంటారు. "సార్, మీరెవరో చెప్పడానికే ఈ కార్డు. ఈ బూత్‌లో మీకు ఓటుందా లేదా అన్నది జాబితా చెబుతుంది" అని మేమంటాం. ఆయన ఎనిమిదేళ్ళ కింద దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటు మారారు. ఓటు అక్కడే ఉండిపోయింది. గ్యాస్ కనెక్షన్ మార్చుకున్నారు, బ్యాంకులో అడ్రసు మార్చుకున్నారు, పేపరు వేసే కుర్రాడికి చెప్పారు. ఓటు ఒక్కటీ మర్చిపోయారు.

హైదరాబాదు వాళ్ళకు ఓటంటే బద్ధకం అని టీవీల్లో ఏటా తిడుతుంటారు. జీహెచ్‌ఎంసీ (మన హైదరాబాదు మహానగర పాలక సంస్థ) ఎన్నికల్లో 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతం పైచిలుకు పోలింగు జరిగిన మాట నిజమే. బద్ధకస్తులు లేరని నేననను. అయితే 2020లో 74 లక్షల పైన ఉన్న ఆ జాబితాలో ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ళు, కాలం చేసినవాళ్ళు, రెండు చోట్ల పేరున్నవాళ్ళు ఎంతమంది? ఇంటింటికీ స్లిప్పులు పంచి, పంచలేక మిగిలిన కట్టలు చూసినవాణ్ణి నేను. నగరం ఓటు వెయ్యకపోవడం కన్నా, నగరం ఇల్లు మారినంత వేగంగా జాబితా మారకపోవడమే పెద్ద జబ్బని నా అభిప్రాయం. కాదనేవాళ్ళుంటే టీ తాగుతూ వాదించుకుందాం.

మన దగ్గర రెండు ఎన్నికల సంఘాలున్నాయి, ముందు అది తెలియాలి. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు ఢిల్లీలోని కేంద్ర సంఘం చూస్తుంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు, కార్పొరేషన్ల ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం పని. 1993లో అమల్లోకొచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణల పుణ్యం అది. అయితే కార్పొరేషన్ ఎన్నికలకు విడిగా ఓటర్లను చేర్చుకునే పద్ధతి లేదు. అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డుల వారీగా విడదీస్తారు. కాబట్టి జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటు కావాలంటే అసెంబ్లీ జాబితాలో పేరుండాలి. షెడ్యూల్ వచ్చాక వార్డు ఆఫీసుకు పరుగెత్తి "నా పేరు ఎక్కించండి" అంటే వాళ్ళేం చెయ్యలేరు. ఆ పని ముందే, తీరిగ్గా ఉన్నప్పుడే అయిపోవాలి.

కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. ఇల్లు మారితే, పేరులో తప్పుంటే ఫారం 8. చనిపోయినవారి పేరు తీయించడానికి ఫారం 7. గుర్తు పెట్టుకోవాల్సినవి ఈ మూడే. కేంద్ర ఎన్నికల సంఘం ఈసీఐనెట్ యాప్‌లో ఫోన్ నుంచే పంపొచ్చు, అర్థం కాకపోతే 1950కి ఫోన్ చెయ్యొచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలు ఇదివరకు జనవరి 1 కోసం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తారీఖులు.

అద్దెకున్నవాళ్ళు ఇటు చూడండి. చాలామంది నాతో అన్న మాట: "ఓనర్ ఒప్పుకోరండీ." ఓనర్ ఒప్పుకోవడం ఏమిటమ్మా? చట్టం అడిగేది ఇల్లు ఎవరిదని కాదు, మామూలుగా ఎవరు ఉంటున్నారని. ఇల్లు సొంతమైనంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో స్పష్టంగా రాసుంది. అంటే ఈ బ్లాకులో ఫ్లాటు అద్దెకిచ్చి కొండాపూర్‌లో ఉంటున్న ఓనరు గారికి ఇక్కడ ఓటు ఉండకూడదు, అద్దెకున్న మీకు ఉండాలి. కరెంటు బిల్లు మీ పేరున లేకపోయినా ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, గ్యాస్ బిల్లు, పాస్‌పోర్టు, రిజిస్టరైన అద్దె ఒప్పందం, వీటిలో ఏదో ఒకటి చాలు. ఏదీ లేకపోతే బీఎల్‌వో, అంటే మన బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి, ఇంటికొచ్చి చూసుకుంటారు. ఇక్కడే ఒక తంటా ఉంది. వాచ్‌మన్ వాళ్ళను గేటు దాటనివ్వడు. కిందటిసారి మన గేటు దగ్గరే ఒక బీఎల్‌వో, అంగన్‌వాడీ టీచరమ్మ, ముప్పావు గంట ఎండలో నిలబడి వెళ్ళిపోయారు. విజిటర్ల రిజిస్టరులో ఆవిడ సంతకం ఉంది, వచ్చిన ఫ్లాటు నంబరు గడి మాత్రం ఖాళీ. ఆ పేజీ నేను చూశాను.

ఇక వార్డు సంగతి. 2020 దాకా 150 వార్డులు. 2025 చివర్లో చుట్టూ ఉన్న 27 పురపాలికలను కలిపి వార్డులను 300 చేశారు. హద్దులు తిరగరాసినప్పుడల్లా ఒకే మెట్లెక్కే రెండు కుటుంబాలు రెండు వార్డుల్లో పడటం, మొగుడి పేరు ఒక బూత్‌లో పెళ్ళాం పేరు ఇంకో బూత్‌లో రావడం మామూలే. వార్డుల వారీ ముసాయిదా జాబితా పెట్టినప్పుడు అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువిస్తారు. ఆ రోజుల్లో సంఘం తరఫున ఎవరో ఒకరు వెళ్ళి మన ఇళ్ళ నంబర్లన్నీ ఒకే చోట ఉన్నాయో లేదో చూసి రావాలి. పోలింగు రోజు గొడవ పడితే వచ్చేది వీడియో మాత్రమే.

బూత్ లోపలికి వద్దాం. 2016లో ఈవీఎంలు వాడారు, కరోనా కాలమని 2020లో బ్యాలెట్ పేపరు పెట్టారు. మళ్ళీ పేపరే వస్తే ముద్ర వెయ్యడం, మడత పెట్టడం తెలిసుండాలి. మా అమ్మాయి, కంప్యూటర్ ఇంజనీరు, పేపరు ఎలా మడవాలో తెలియక అవతల నిలబడి నన్ను అడిగింది. ముందు నిలువుగా మడవాలి, ఆ తర్వాత అడ్డంగా. ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. అంటుకున్నా భయం లేదు. బాణాలున్న ఆ స్వస్తిక్ ముద్రలో కొనలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. మడతలో అంటుకున్న మరక అద్దంలో బొమ్మలా ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అసలు ముద్ర ఏదో, మరక ఏదో లెక్కింపు బల్ల దగ్గర చూడగానే తెలిసిపోతుంది. ఆ ముద్రను అలా చెక్కించిన వాడెవడో గాని దండం పెట్టాలి. సంతకం పెట్టినా, పేరు రాసినా ఆ ఓటు చెల్లదు. ఇద్దరి గడులకూ మధ్య గీత మీద గుద్ది, ఎవరికేశారో తేలకపోయినా అంతే.

ముద్ర అంటే గుర్తొచ్చింది. పోలింగు సిబ్బందికిచ్చే సంచిలో రెండు రబ్బరు ముద్రలుంటాయి. ఒకటి ఓటరు కోసం స్వస్తిక్, రెండోది పేపరు వెనక వేసే పోలింగు కేంద్రం ముద్ర. 2020లో నేరెడ్‌మెట్ వార్డులో కొందరు ఓటర్ల చేతికి ఆ రెండోది వెళ్ళింది. లెక్కింపు నాడు చూస్తే మొదటి అభ్యర్థి ఆధిక్యం కన్నా అలాంటి ఓట్లే ఎక్కువ. తతిమ్మా నగరమంతా డిసెంబరు 4న ఫలితాలు వచ్చేస్తే నేరెడ్‌మెట్ వాళ్ళు ఆ ఓట్లు చెల్లుతాయా లేదా అని హైకోర్టు వైపు చూస్తూ 9వ తేదీ దాకా ఆగారు. ఓటర్ల తప్పు ఇందులో పిసరంత కూడా లేదు. అదే ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన కంకి కొడవలికి బదులు సీపీఎం సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. 69 కేంద్రాల్లోనూ పోలింగు ఆపేసి డిసెంబరు 3న మళ్ళీ పెట్టారు. అందుకే చెబుతున్నాను, చేతికిచ్చిన ముద్రను ఒకసారి తిప్పి చూడండి. బాణాలు కనబడకపోతే అక్కడే అడగండి.

మీ పేరు మీద ఇంకెవరో అప్పటికే వేసేసి పోతే "అయ్యో" అనుకుంటూ వెనక్కి రాకండి. టెండర్ ఓటు అడగండి. మీరు మీరేనని ప్రిసైడింగ్ ఆఫీసర్ రూఢి చేసుకుని వేరే పేపరిస్తారు. దాన్ని పెట్టెలో వెయ్యరు, కవరులో పెట్టి సీలు వేస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు కానీ రేపు కేసైతే రుజువుగా నిలుస్తుంది.

మేయర్‌ను మనం నేరుగా ఎన్నుకోం. కార్పొరేటర్లు, వాళ్ళతో పాటు ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు కలిసి ఎన్నుకుంటారు. దీని మీద నాకో అసంతృప్తి ఉంది, ఇవాళ వద్దులెండి.

ఆఖరుగా రెండు ఓట్ల విషయం. ఊళ్ళో ఒకటి, ఇక్కడొకటి ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఇప్పటికే ఉన్న ఓటును దాచి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష రాసుంది. మొన్న మన వాచ్‌మన్ యాదయ్యకు ఇదే చెబితే ఆయనన్నాడు: "సార్, ఊళ్ళె పేరు తీస్తే సర్పంచ్ ఎలక్షన్ల మమ్ముల ఎవరు వట్టించుకుంటరు? ఈడ కార్పొరేటర్‌కు నేనెవరో ఎరుకనా?" పదకొండేళ్ళుగా ఆయన కుటుంబం సెల్లార్‌లో మెట్ల పక్క గదిలోనే ఉంటోంది. చట్టం లెక్కన ఆయన ఓటు ఇక్కడే. ఆయన అడిగినదానికి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఆలోచించుకో యాదయ్యా, ఒకవేళ మారాలనుకుంటే ఫారం నేను నింపుతా అన్నాను. అప్పుడాయన ఇంకో ప్రశ్న వేశాడు. ఆ గదికి ఇంటి నంబరు ఏమని రాయాలి?

సెక్రటరీ గారూ, దానికి జవాబు మీరే చెప్పాలి. ఫారాలు తెచ్చాను, వెనక టేబుల్ మీదున్నాయి.