ఆరాధన చివర్లో ఇచ్చే దీవెన: ఆ ఒక్క నిమిషం ఎందుకు ఆగాలి?

అందరికీ వందనాలండి. ఈరోజు దీవెన గురించి మాట్లాడుకుందాం. ఆదివారం ఆరాధన అయిపోయేటప్పుడు పాస్టర్ గారు రెండు చేతులెత్తి చెప్తారు కదా, ఆ ఆశీర్వాదం. చాలా చోట్ల చూస్తుంటాం, ముగింపు ప్రార్థన మొదలవగానే బైబిల్ బ్యాగులో పెట్టేయడం, బయట చెప్పులు కలిసిపోతాయని ముందే వెళ్లిపోవడం, బండి తీయాలని వెనకనుంచి మెల్లగా జారుకోవడం, వాక్యం మొత్తం విన్నాం కదా ఇంకేముంది అన్నట్టు. నాకైతే అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకో చెప్తాను.

(స్క్రీన్ మీద: సంఖ్యాకాండము 6:24-26)

"యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని మొదలయ్యే ఈ మూడు వచనాలు మోషే అన్న, మొదటి ప్రధాన యాజకుడు అయిన అహరోను సొంతంగా అల్లుకున్నవి కావు, మీరు ప్రజల్ని ఇలా దీవించండి అని దేవుడే మోషే ద్వారా అహరోనుకీ అతని కొడుకులకీ చెప్పి పంపిన మాటలు. ఇంకా ముఖ్యమైంది తర్వాతి వచనం, 27. యాజకులు నా నామాన్ని వాళ్లమీద పలుకుతారు, ఆశీర్వదించేది మాత్రం నేనే అంటాడు దేవుడు. అంటే చేతులెత్తింది మనిషే గానీ ఇచ్చేది ఆయన. అందుకే ఆ టైమ్‌లో పాస్టర్ గారు ఎంత పెద్ద పేరున్నవారు, ఎంత బాగా ప్రసంగించారు అన్నది లెక్కలోకే రాదు. చిన్న పల్లెటూరి సంఘంలో రేకుల షెడ్డు కింద చెప్పినా అదే దీవెన, మెదక్ చర్చిలో చెప్పినా అదే దీవెన.

ఈ మాటలు ఎప్పుడు ఇచ్చాడో కూడా చూడండి. ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన ఇశ్రాయేలు జనం ఇంకా సీనాయి కొండ దగ్గరే గుడారాల్లో ఉన్నారు. పొలం లేదు, ఇల్లు లేదు, దేవుడు ఇస్తానన్న కనాను దేశం ఇంకా కంటికి కనపడలేదు, అక్కడినుంచి బయల్దేరడం 10వ అధ్యాయంలో గానీ జరగదు. ప్రయాణం మొదలవకముందే, ఏమీ చేతికి రాకముందే దీవెన వచ్చేసింది. అందుకే దీవెన అంటే జాబ్ రావడం, కారు కొనడం, వీసా స్టాంప్ పడటం అని మాత్రమే అనుకునేవాళ్లకి నేను ఈ చోటే చూపిస్తాను. అవి దేవుడిస్తే సంతోషమే, కృతజ్ఞత కూడిక పెట్టుకుందాం, కానీ అవి రాకపోతే దీవెన లేదని కాదు. ఇంత కానుక వేస్తే ఇంత దీవెన అని ఎవరైనా చెప్తే మాత్రం ఈ మూడు వచనాలు తెరిచి చూసుకోండి, ఎక్కడా రేటు లేదు.

(స్క్రీన్ మీద: యెరూషలేము మ్యాప్, హిన్నోము లోయ)

1979లో యెరూషలేము పాత పట్టణానికి నైరుతి వైపున కెతెఫ్ హిన్నోము అనే చోట గాబ్రియేల్ బార్కాయ్ అనే పురావస్తు శాస్త్రవేత్త టీమ్ పాత సమాధులు తవ్వుతుంటే రెండు చిన్న వెండి చుట్టలు దొరికాయి. పెద్దది విప్పితే 10 సెంటీమీటర్లు కూడా లేదు, చిన్నది 4 సెంటీమీటర్ల లోపే. వెండి రేకు పెళుసైపోయి ముట్టుకుంటే విరిగిపోయేలా ఉంది, జాగ్రత్తగా విప్పడానికే ఏళ్లు పట్టింది. విప్పాక సన్నటి గీతల్లా గీసిన అక్షరాలు, చదివితే ఈ దీవెన మాటలే, కొంచెం కుదించి! దాదాపు 2600 ఏళ్ల కిందటివని చాలామంది పండితుల అంచనా, మృత సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత బైబిల్ రాతప్రతుల్లో (మృత సముద్రపు చుట్టలు అంటారు) అతి పాతవాటికంటే కూడా కొన్ని వందల ఏళ్లు ముందువి. దారం వేసి మెడలో వేసుకునేలా చుట్టినవి, వేసుకున్న మనిషితోపాటే సమాధిలోకి వెళ్లాయి. బ్రతికినన్నాళ్లూ ఆ మాటలు ఒంటిమీద మోసిన మనిషి ఎవరో గానీ, తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక కొత్త నిబంధనకి వద్దాం. మన చర్చిల్లో ఎక్కువగా వినేది 2 కొరింథీయులకు చివరి వచనం, "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు, దేవుని ప్రేమయు" అని వస్తుంది కదా అది. పౌలు అది ఎవరికి రాశాడు? గొడవలు, అసూయలు, చాడీలు మీలో కనపడతాయేమోనని భయపడుతున్నాను అని 12వ అధ్యాయంలో తనే రాసిన సంఘానికి. అలాంటి సంఘానికి ఉత్తరం ముగిస్తూ "మీకందరికి" అన్నాడు, మంచివాళ్లని ఏరి ఇవ్వలేదు. జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1526లో జర్మన్ ఆరాధన క్రమం రాసినప్పుడు చివర్లో అహరోను దీవెన పెట్టాడు, ఇప్పుడు గుంటూరు వైపు లూథరన్ చర్చిల్లో వినేది అదే వరస.

యేసు ప్రభువు కూడా బేతనియ దాకా శిష్యుల్ని తీసుకెళ్లి చేతులెత్తి దీవిస్తూ ఉండగానే పైకి ఎత్తబడ్డాడని లూకా రాశాడు. శిష్యులు ఆయన్ని చివరిసారి చూసింది దీవిస్తున్న చేతులతోనే.

మరి ఇంట్లో? చాలామంది అడుగుతారు, దీవెన పాస్టర్ గారే ఇవ్వాలా అని. ఆరాధనలో అది సేవకుడి పని, సరే. కానీ ఆదికాండము 48లో యాకోబు తాతని చూడండి, యాజకుడు కాదు, సొంత ఊరు వదిలి ఐగుప్తుకి వచ్చిన ముసలాయన, కళ్లు మసకబారాయి, మనవళ్లని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుని, తలలమీద చేతులు పెట్టి దీవించాడు. మన అమ్మమ్మలు, నాన్నమ్మలు అమెరికాలో ఉన్న పిల్లలకి వాట్సాప్ కాల్‌లో ప్రార్థన చేసి పెడతారు కదా, అది కూడా ఇదే దారిలోది, తల మీద చెయ్యి పెట్టే వీలు లేదంతే.

ఒక్కటి మాత్రం కష్టం. మనల్ని తిట్టినవాళ్లని దీవించమంటాడు పేతురు మొదటి పత్రిక 3:9లో. పొలం గట్టు దగ్గర గొడవపడ్డ అన్నదమ్ముడి పేరు తీసుకుని దీవెన పలకడం నోటికి అంత తేలిగ్గా రాదు, నాకూ రాదు. మొదట్లో పేరు చెప్పి ఒక్క వచనం చెప్పగలిగితే చాలు, మనసు తర్వాత మెల్లగా వస్తుంది.

ఈ వారం పిల్లలు స్కూల్ బస్సు ఎక్కేముందు తలమీద చెయ్యి పెట్టి ఆ మూడు వచనాలూ చెప్పి పంపండి, అర నిమిషం కూడా పట్టదు. వచనాలు కింద డిస్క్రిప్షన్‌లో మొత్తం పెట్టాను, స్క్రీన్‌షాట్ తీసుకుని తలుపు పక్కన అంటించుకోండి.