కువైట్‌కి పోయే ముందు, పోయాక మొదటి మూడు నెలలు: ఇంటి పనికి, డ్రైవర్ పనికి వెళ్లేవాళ్ల కోసం

నమస్తే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊర్ల నుంచి కువైట్‌కి ఇంటి పనికో, డ్రైవర్ పనికో బయల్దేరుతున్న అన్నలకి, అక్కలకి ఈ వీడియో. టికెట్ చేతికొచ్చాక చూస్తే సగమే ఉపయోగం. పాస్‌పోర్ట్ ఏజెంట్ చేతికి ఇవ్వకముందే చూడండి. ఇంట్లో ఎవరైనా పోయే ఆలోచనలో ఉంటే వాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి, ఎందుకో మధ్యలో చెప్తాం.

ముందు వీసా సంగతి. మనోళ్లు ఖాదిమ్ వీసా, షూన్ వీసా అంటుంటారు కదా. ఖాదిమ్ అంటే 20 నంబరు. వంట, పిల్లల్ని చూసుకోవడం, ఇంటి డ్రైవర్, ఇవన్నీ దీని కిందే. షూన్ అంటే 18 నంబరు, కంపెనీలది. రెండిటికీ చట్టాలు వేరు. కంపెనీ వాళ్లకి 2010 నాటి 6వ నంబరు చట్టం: రోజుకు 8 గంటలు, వారానికి 48. ఇంటి పనివాళ్లకి 2015 నాటి 68వ నంబరు చట్టం: పని రోజుకు 12 గంటలు దాటకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, ఒప్పందం ముగించి వచ్చేటప్పుడు చేసిన ఒక్కో ఏడాదికి ఒక నెల జీతం. 2016లో పెట్టిన కనీస జీతం 60 దినార్లు. ఇంతకన్నా తక్కువ రాసిన కాగితం ఎవరు చూపించినా వద్దనండి.

ఇంగ "ఆజాద్ వీసా" అని ఒకటి చెప్తారు. అలాంటి వీసా కువైట్ ప్రభుత్వం ఇవ్వదు. కాగితం మీద ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పని ఇంకో చోట, అంతే. చెకింగ్‌లో దొరికితే పంపించేస్తారు, పెట్టిన దుడ్లు తిరిగి రావు.

ఇప్పుడు ఏజెంట్. ఊర్లో తెలిసినాయన, మన బంధువే అన్నంత మాత్రాన లైసెన్స్ ఉన్నట్టు కాదు. ఈ-మైగ్రేట్ అని కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. అందులో లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు, లైసెన్స్ నంబరు రెండూ సరిపోవాలి. ఏజెంట్ తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. లక్షన్నర అడిగారనుకోండి, ఒక్కసారి లెక్క వేసుకోండి. నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకి వడ్డీయే 3,000. అక్కడ మొదటి జీతం చేతికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టొచ్చు. అప్పటికే అప్పు పెరిగి ఉంటుంది, ఆ ఒత్తిడిలోనే చాలామంది అక్కడ ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టేస్తారు.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్, అంటే పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం, కింద వస్తుంది. వాళ్లు కువైట్ పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న ఆడవాళ్లు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో ఆ పని చూసేది ఓంక్యాప్. "వయసు చాల్లేదు, దుబాయ్‌కి విజిట్ మీద పంపి అక్కడి నుంచి కువైట్ ఎక్కిస్తాం" అంటే ఒప్పుకోకండి అక్కా. అట్లా పోయిన మనిషి ఒప్పందం మన ప్రభుత్వం దగ్గర ఉండదు, బీమా ఉండదు. కష్టం వచ్చినప్పుడు ఎవరింట్లో ఉందో కూడా ఇక్కడ ఎవరికీ తెలీదు. క్లియరెన్స్‌తో పోతే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. పాలసీ కాగితం ఇంట్లోవాళ్ల దగ్గర పెట్టి పోండి.

సామాను. మనోళ్లు ఎక్కువగా చెన్నైలోనే ఫ్లైట్ ఎక్కుతారు కదా, ప్యాకింగ్ ముందు రోజు రాత్రికి పెట్టుకోకండి. నూనె తేలే పచ్చళ్లు చేతి సంచిలో వద్దు, సెక్యూరిటీలో ఆపేస్తారు. గాజు సీసాలు కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లు తొడిగి పెద్ద పెట్టెలో సర్దండి. మసాలాల్లో గసగసాలు మాత్రం వద్దే వద్దు, గల్ఫ్‌లో దాన్ని మత్తు పదార్థం కింద చూస్తారు. మసాలా పొడి కొట్టించేటప్పుడే అది లేకుండా చెప్పండి. గుట్కా, ఖైనీ కూడా వద్దు. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ చీటీ పెట్టుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ నొప్పి మాత్రలు ఇక్కడ మామూలుగా వాడినా అక్కడ కేసు అవుతాయి.

ఇది కెమెరాకి దగ్గరగా చూపిస్తాం. ఇట్లాంటి ప్యాకెట్టు ఒకటి, చుట్టూ బ్రౌన్ టేపు, పైన పేరు. "మా తమ్ముడికి నెయ్యి, ఎయిర్‌పోర్ట్ దగ్గరికి వచ్చి తీసుకుంటాడు" అంటారు. ఇదిగో, బ్లేడుతో కోసి, ఇచ్చినవాళ్ల ముందే మూత తీసి, పొడుగు స్పూన్‌తో అడుగు దాకా కలిపి చూస్తున్నాం. మీరూ ఇట్లాగే చేయండి. దీనికి ఒప్పుకోకపోతే ప్యాకెట్టు అక్కడే వదిలేయండి. మొహమాటపడితే జైలుకి పోయేది మోసినవాళ్లే.

అక్కడ దిగాక వరుస ఇట్లా ఉంటుంది: మెడికల్, వేలిముద్రలు, అకామా (అక్కడ ఉండటానికి అనుమతి), తర్వాత బతాకా, అంటే సివిల్ ఐడీ. ఇవి చేయించాల్సింది కఫీలే, మీరు మాత్రం ఎంతవరకు వచ్చిందో అడుగుతూ ఉండాలి. అకామా ఆలస్యమైతే రోజుకింత అని జరిమానా ఎక్కుతుంది.

సివిల్ ఐడీ మీద 12 అంకెలు ఉంటాయి. మొదటి అంకె శతాబ్దం: 1900ల్లో పుట్టినవాళ్లకి 2, 2000 తర్వాత పుట్టినవాళ్లకి 3. ఆ తర్వాతి ఆరు అంకెలు పుట్టిన తేదీ, సంవత్సరం, నెల, రోజు వరుసలో. 1990 మే 15న పుడితే 2, తర్వాత 900515. కార్డు వచ్చిన రోజే పాస్‌పోర్ట్ పక్కన పెట్టి పోల్చండి. తప్పుంటే తర్వాత బ్యాంకులో, సిమ్ దగ్గర, అన్ని చోట్లా అడ్డం పడుతుంది. తర్వాత ఫోన్‌లో కువైట్ మొబైల్ ఐడీ యాప్, ప్రభుత్వ పనుల కోసం సాహెల్ యాప్ వేసుకోండి.

పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర ఉంచుకోకూడదని చట్టం, కానీ చాలా ఇళ్లల్లో తీసేసుకుంటారు. దీని కోసం మొదటి వారమే గొడవ పెట్టుకోమని మేం చెప్పం. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఒప్పందం ఫోటోలు తీసి, దిగకముందే ఇంటికి వాట్సాప్‌లో పంపి ఉంచండి. సివిల్ ఐడీ మాత్రం ఎప్పుడూ మీ చేతిలోనే ఉండాలి.

ఇప్పుడు చెప్పేది రాసుకోండి. కువైట్‌లో అడ్రస్ అంటే ప్రాంతం పేరు, బ్లాక్ నంబరు, వీధి, ఇంటి నంబరు. "ఫర్వానియా దగ్గర పెద్ద ఇల్లు" అంటే ఎవరూ కనిపెట్టలేరు. కానీ ఇళ్లకి గేటు దగ్గరో గోడ మీదో ఒక చిన్న పలక ఉంటుంది, దాని మీద 8 అంకెల నంబరు. చెత్త వేయడానికో, బండి కడగడానికో బయటికి వచ్చినప్పుడు ఆ పలక ఫోటో తీయండి. ఫోన్ లేకపోతే నంబరు గుర్తుపెట్టుకుని లోపలికి వచ్చి రాసుకోండి. ఆ నంబరు కువైట్ ఫైండర్ యాప్‌లో కొడితే నేరుగా ఇల్లు చూపిస్తుంది. నాలుగు గోడల మధ్య ఉండే అక్కకి ఇంతకన్నా విలువైన నంబరు ఇంకోటి లేదు. అది ఇక్కడ మీ అమ్మ దగ్గర, అన్న దగ్గర ఉండాలి.

నోటుబుక్కు సంగతి. పేజీకి నాలుగు గీతలు: తేదీ, లేచిన టైం, పడుకున్న టైం, సెలవు ఉందా లేదా. నెల చివర జీతం ఎంత, ఎవరు ఇచ్చారు, ఏ తేదీన. తెలుగులోనే రాయండి, రోజుకి ఒక నిమిషం పని. జీతం గొడవ వస్తే యజమాని చూపించేది మీరు సంతకం పెట్టిన రసీదు, మీరు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అరబీలో ఉన్న కాగితం మీద వేలిముద్ర అడిగితే ముందు ఫోటో తీసుకోండి, చేతికి రాని జీతానికి సంతకం పెట్టకండి. రెండు నెలలు ఆపి ఒకేసారి ఇస్తామంటే కూడా ఆ మాట తేదీతో రాసిపెట్టుకోండి.

దుడ్ల లెక్క కొత్తవాళ్లని తికమక పెడుతుంది. ఒక దినార్‌కి 1000 ఫిల్స్. మన పైసలు రెండంకెలు, అక్కడ చుక్క తర్వాత మూడంకెలు. 12.500 అంటే పన్నెండున్నర దినార్లు, పన్నెండు వేల ఐదొందలు కాదు. పావు దినార్, అర దినార్ నోట్లు కూడా ఉంటాయి. ఇంటికి పంపేటప్పుడు బోర్డు మీద రేటు ఒక్కటే చూడకండి. "100 దినార్లు ఇస్తే చార్జీ పోను నా అకౌంట్లో ఎన్ని రూపాయలు పడతాయి" అని రెండు చోట్ల అడగండి. బ్యాంకు లేకుండా చేతుల మీద డబ్బు పంపే హుండీ వాళ్లు రూపాయి ఎక్కువిస్తామంటారు, అది చట్టానికి విరుద్ధం, డబ్బు పోతే ఫిర్యాదు చేసే చోటే లేదు. ఇక్కడి సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్ఆర్ఓ, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల అకౌంట్‌గా, మార్పించుకోండి. అక్కడి సంపాదన వేసుకోవడానికి ఎన్ఆర్ఈ అనే ఇంకో అకౌంట్ తెరిస్తే దాని వడ్డీకి మన దగ్గర పన్ను లేదు.

భాష. హిందీ కాస్త వచ్చినా చాలు, బయట నడిచిపోతుంది. ఇంట్లో అట్లా కాదు. మాయ్ అంటే నీళ్లు. అకూ అంటే ఉంది, మాకూ అంటే లేదు. తాల్ అంటే రా, రూహ్ అంటే పో, జీబ్ అంటే తీసుకురా, షూఫ్ అంటే చూడు. శునూ అంటే ఏమిటి, చమ్ అంటే ఎంత, బాచిర్ అంటే రేపు, మాఆష్ అంటే జీతం. ఐష్ అంటే కువైట్ ఇళ్లల్లో అన్నం, అదే ఈజిప్ట్ వాళ్ల నోట రొట్టె. అర్థం కాకపోతే తల ఊపకండి. "మా అరఫ్", నాకు తెలీదు, అనేయండి. తల ఊపి తప్పు చేస్తే వచ్చే కోపం, తెలీదంటే రాదు.

డ్రైవర్ అన్నలకి. అక్కడ బండి రోడ్డుకి కుడి వైపు నడుపుతారు, స్టీరింగ్ ఎడమ పక్క. నేరుగా పోయేటప్పుడు ఇబ్బంది ఉండదు. ఎడమకి తిరిగేటప్పుడు, పెట్రోల్ బంక్ నుంచి బయటికి వచ్చేటప్పుడు, రాత్రి ఖాళీ రోడ్డులో చేయి అలవాటు ప్రకారం ఎడమ లైన్‌లోకి లాగేస్తుంది. ఎదురుగా బండి లేనప్పుడే ఈ తప్పు జరుగుతుంది, ఎందుకంటే చూసి సరిచేసుకోవడానికి ముందు ఏమీ ఉండదు. మొదటి వారాలు ప్రతి మలుపులోనూ "నేను మధ్య గీత పక్కనే ఉన్నానా" అని చూసుకోండి. స్టీరింగ్ ఎడమ పక్క కాబట్టి మధ్య గీత ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపే ఉండాలి. రౌండబౌట్‌లో కుడి వైపు నుంచి ఎక్కి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగాలి. నడిచి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమ పక్క చూడాలి. 2025 ఏప్రిల్ 22 నుంచి జరిమానాలు బాగా పెరిగాయి: నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 75 దినార్లు, బెల్ట్ లేకపోతే 30, ఎర్ర సిగ్నల్ దాటితే 150. ఒక్క సిగ్నల్‌తో నెల జీతమే పోవచ్చు. మేడం పక్కన కూర్చుని తొందర పెట్టినా సిగ్నల్ దాటకండి. జరిమానా ఎవరు కట్టాలో ఒప్పందంలో ముందే రాయించుకోండి.

ఎండ. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. మన రేణిగుంట వేసవి చూసినవాళ్లం మాకేంటి అనుకోవద్దు. జూన్ 1 నుంచి ఆగస్ట్ 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం నిషేధం. మూత్రం ముదురు పసుపు వచ్చిందంటే నీళ్లు చాల్లేదని, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టెలో వేసుకోండి. రంజాన్ నెలలో పగలు బహిరంగంగా తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం నేరం, 100 దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. ఇంటి పనివాళ్లకి ఆ నెల పని రాత్రికి మారుతుంది, పగలు దొరికినంత నిద్రపోండి. చార్జర్‌కి మూడు చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి, ఇక్కడే కొనుక్కుంటే చవక. ఫోన్ చేసేటప్పుడు మనకన్నా అక్కడ రెండున్నర గంటలు వెనక అని గుర్తుంచుకోండి.

కంపెనీ క్యాంపుల్లో, అంటే కార్మికుల బస బిల్డింగుల్లో, ఉండేవాళ్లు మొదటి రాత్రి పడుకునే ముందే ఒక పని చేయాలి. గది నుంచి మెట్ల దాకా నడవండి, మేడ మీది తలుపు తెరుచుకుంటుందా చూడండి. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ తగలబడితే మనదేశం వాళ్లే 40 మందికి పైగా చనిపోయారు. పై తలుపు తాళం వేసి ఉండటం, గదుల మధ్య త్వరగా అంటుకునే పార్టిషన్లు ఉండటం ప్రాణాలు తీశాయి. తాళం ఉంటే ఫోటో తీసి ఫోర్‌మన్‌కి పంపండి, మాట వినకపోతే ఎంబసీకి పంపండి.

కష్టం వస్తే. ప్రాణం మీదికి వస్తే 112. కొట్టినా, తిండి పెట్టకపోయినా, జీతం ఆపినా ఇంటి నుంచి బయటికి రావాల్సి వస్తే, ఎవరో తెలిసినవాళ్ల రూముకి పోకండి. కఫీల్ "పారిపోయింది" అని కేసు పెడతాడు, రూములో దొరికితే మీ మాట ఎవరూ వినరు. అదే రోజు నేరుగా ఎంబసీకి పోండి. దస్మా దగ్గర, డిప్లొమాటిక్ ఎన్‌క్లేవ్‌లో ఉంది. ట్యాక్సీ వాళ్లకి "సఫారా హింద్" అంటే తెలుస్తుంది. ఇందుకే ఒక ఐదు దినార్లు, సివిల్ ఐడీ ఎప్పుడూ బట్టల్లో వేరుగా దాచుకోండి.

ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు కూడా కేంద్ర ప్రభుత్వ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, తిరుపతిలోనో పుంగనూరులోనో కూర్చుని ఫోన్‌లోనే. అందుకని పోయే ముందు ఒక కవరు కట్టి పెట్టండి. అందులో పాస్‌పోర్ట్, వీసా, ఒప్పందం కాపీలు, బీమా కాగితం, ఏజెంట్ పేరు, లైసెన్స్ నంబరు, డబ్బు కట్టిన రసీదు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు ఉండాలి. చివర్లో ఒక ఖాళీ గీత గీసి వదలండి. అక్కడికి చేరిన వారంలో గేటు పలక మీది 8 అంకెలు ఫోన్‌లో చెప్తే, అమ్మ ఆ గీత మీద రాసుకుంటుంది.